గరిటె బిందె

మణికంఠ కంటికి సవ్యంగా పనిచేసే వస్తువు కనబడకూడదు. కనబడిందంటే దాని మరలు ఊడాయన్నమాటే. మిక్సీ గిర్రున తిరుగుతుంటే అది ఎందుకలా తిరుగుతోందో విప్పి చూడాలి. ఫ్యాను తన మానాన తాను తిరుగుతుంటే దాన్ని చప్పట్లకి ఆగేలా చెయ్యాలి. చప్పట్లకి ఆగే ఫ్యాను ఆ ఇంట్లో కొన్నాళ్లు నిజంగానే తిరిగింది కూడా. కాకపోతే పక్కగదిలో పోపు ఆవాలు చిటపటమన్నా ఆగిపోయేది.

"ఏటండీ, ఆఫీసులో కూడా ఇలాగే సేత్తారేటి? మరి ఆళ్లు జీతం ఎందుకిత్తన్నారు మీకు?" అనేది అతని భార్య చంద్రిక. ఆమె ఆనందపురం దగ్గర రైతుల ఇంటి పిల్ల. పనిముట్టు మనిషికి పని చెయ్యాలి గానీ మనిషి చేత పని చేయించుకోకూడదన్నది ఆమె పుట్టింటి సిద్ధాంతం.

ఆఫీసులో అతను అలా చెయ్యడు. రుషికొండ మీద అద్దాల మేడలో అతనిది సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఉద్యోగం. ఓడరేవులో దిగిన కంటైనరు ఏ వరసలో, ఏ పెట్టె కింద ఉందో కంప్యూటర్లో చూపించే ప్రోగ్రాములు రాస్తాడు. అక్కడ అతనికి నెమ్మదస్తుడని పేరు. కొత్తగా చేరిన పిల్లలు పాత ప్రోగ్రామును చూసి "ఇదంతా చెత్త, తీసేసి మళ్లీ రాద్దాం" అంటే, "ఆగండి. ఆ చెత్తని అక్కడ పెట్టినవాడికి ఏదో అవసరం వచ్చే ఉంటుంది. అదేమిటో కనుక్కుని అప్పుడు తీద్దాం" అనేవాడు. మంచి మాటే. ఇంటికొచ్చేసరికి గుర్తుండేది కాదు.

అతని తండ్రి గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చి కంచరపాలెంలో రైలుపట్టాల పక్కన వీధిలో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. మణికంఠ ఇంట్లో గోదావరి మాట, వీధిలో కంచరపాలెం మాట మాట్లాడుతూ పెరిగాడు. పెద్ద జీతం వచ్చాక కూడా మధురవాడ ఫ్లాట్లకి మారలేదు. ఎందుకు మారలేదని ఎవరైనా అడిగితే ఆఫీసు బస్సు ఇక్కడ ఆగుతుందనో, అమ్మకి ఇక్కడే అలవాటనో చెప్పేవాడు. అసలు కారణం నూకాలు.

నూకాలు వీధి మొదట్లో ఇడ్లీ బండి పెట్టుకున్న మనిషి. భర్త పోయాక ఆ బండి మీదే కూతుర్ని పెంచి పెళ్లి చేసింది. మణికంఠకి చుట్టం కాదు గానీ పుట్టినప్పటినుంచీ పిన్ని. అతను ఇంజనీరింగు చదివే రోజుల్లో మొట్టమొదట తయారుచేసిన వస్తువు ఆమె కోసమే. ఇడ్లీ ఉడకగానే మోగే గంట అది. కాలేజీలో చూపిస్తే అందరూ భలే ఉందన్నారు, మాష్టార్లు వీపు తట్టారు. బండి దగ్గర పెడితే రెండో వాయికే మూగబోయింది.

"నీ గంటకి ఆవిరి పడదురా మణీ," అంది నూకాలు దాన్ని వేళ్ల చివర్లతో పట్టుకుని. "ఇడ్లీ కాడ ఆవిరి కాకపోతే ఏటుంటాది? ఆ మాత్రం సూసుకోనక్కర్లేదేటి?"

ఆ మాట అతనికి నాలుగేళ్ల చదువు మీద అయిదో ఏడు చదువయింది. వస్తువుని బల్లమీద కాదు, అది బతకాల్సిన చోట పెట్టి చూడాలి. ఆ తర్వాత ఏది చేసినా ముందు పిన్ని చేతికే ఇచ్చేవాడు. ఆమె ఒక్క రవ్వ మొహమాటపడేది కాదు. "మీట ఇంత సిన్నగా ఎట్టినావు, పిండి సెయ్యితో ఎలా నొక్కాల?" అనేది. "ఈ లైటు ఎలగతన్నాదో ఆరిపోతన్నాదో ఎండలో కనపడ్డం నేదురా," అనేది. తక్కిన వీధి అంతా బాగుందనేవారు, తీసుకెళ్లి అటక మీద పెట్టేవారు. మెచ్చుకున్నవాళ్లు వాడలేదు, తిట్టిన మనిషి వాడింది. ఈ సంగతి బోధపడ్డాక అతనికి తిట్లంటే ప్రాణం లేచివచ్చేది. ఆఫీసులో ఎవరైనా కస్టమరు కోపంగా మెయిలు రాస్తే తక్కినవాళ్లు మొహాలు ముడుచుకునేవారు. ఇతను మాత్రం ఆ మనిషికి ముందు ధన్యవాదాలు రాసి, తర్వాత తప్పు వెతికేవాడు. నాటకం కాదు, నిజంగానే అతనికి వాళ్లంటే కృతజ్ఞత.

ఇక ఆ వీధికి నీళ్లిచ్చేది నూకాలు ఇంటి గోడ పక్కనున్న ఒకే ఒక్క కుళాయి. తెల్లవారుజామున వస్తాయి. ఎప్పుడు వస్తాయో వదిలేవాడికే తెలియాలి. వరస కోసం ముందురోజు సాయంత్రమే ఖాళీ బిందెలు పెట్టేస్తారు. బిందె ఖాళీ లేనివాళ్లు ఇటుకరాయి పెడతారు. ఏ రాయి ఎవరిదో అందరికీ తెలుసు, రాయిని జరిపినవాడికి ఆ రోజు పెళ్లే. కుళాయి బుస్సుమనగానే నూకాలు ఇడ్లీపాత్ర మూత మీద గరిటెతో టంగుటంగున వాయించి, "నీళ్లొచ్చీసినాయర్రా! బేగి రండి!" అని ఒక కేక వేసేది. మోత విని ముందు పరుగెత్తుకొచ్చినవాళ్లు తమ కోసం నీళ్లు పట్టుకోకూడదు. మొదట నూకాలు అరుగు మీద ఉన్న డ్రమ్ము నింపాలి. అది నిండాకే వరస మొదలు. దాన్ని గరిటె బిందె అనేవారు. ఎవరు పెట్టిన ఆచారమో ఎవరికీ గుర్తులేదు. లేపినందుకు నీళ్లు, అంతే లెక్క.

అయితే కిందటేడు నూకాలు నడుముకి ఆపరేషనయింది. బరువు ఎత్తితే మళ్లీ మంచమేనని డాక్టరు గట్టిగా చెప్పాడు. గాజువాకలో ఉన్న కూతురు పద్మావతి బండి అమ్మేసి తన దగ్గరికి వచ్చెయ్యమంది. నూకాలు ససేమిరా అంది. చివరికి తల్లీకూతుళ్లకి ఒక ఒప్పందం కుదిరింది. గరిటె బిందె పుణ్యమా అని నీళ్లు మొయ్యకుండా జరిగినన్నాళ్లు బండి నడుపుకోవచ్చు. ఎప్పుడు నడుం పట్టేస్తే అప్పుడే బండికి స్వస్తి. కాబట్టి ఆమె బతుకంతా ఆ డ్రమ్ములో నీళ్లమీద ఉందని వీధిలో అందరికీ తెలుసు. మణికంఠకీ తెలుసు.

తెలిసీ అతను కుళాయి మీద చెయ్యి వేశాడు.

ఈ వేసవిలో నీళ్ల వేళలు మరీ అడ్డదిడ్డమయ్యాయి. నూకాలు ఎప్పుడో లేచి కుళాయి వైపు చెవి వేసుకుని గోడకి జారగిలబడి కూర్చునేది. మణికంఠ చూడలేకపోయాడు. కుళాయి గొట్టానికి ఒక చిన్న యంత్రం బిగించాడు. నీళ్లు కదలగానే అది పసిగట్టి వీధిలో అందరి ఫోన్లూ మోగిస్తుంది, పాత బటన్ ఫోన్లకి మిస్డ్ కాల్ ఇస్తుంది. కరెంటు, వైఫై అందేచోటని ఎదురింటి ఆటో వరహాలు గోడకి దాని పెట్టె తగిలించాడు. మొదటిరోజు గొట్టంలో గాలి వస్తేనే మోగేసింది.

"గాలొచ్చినా నీళ్లొచ్చినా ఒకలాగే కూత్తాదేటి నీ పెట్టె?" అంది నూకాలు. సరిచేశాడు. సముద్రపుగాలికి తీగలు పచ్చగా చిలుం పట్టాయంది. పాత టిఫిన్ డబ్బాలో పెట్టి మూత చుట్టూ మైనం పోశాడు. ఆ పైన పెట్టె తప్పు పోలేదు. వీధి వీధంతా ఆశ్చర్యపోయింది. "బావా, నువ్వు మా వీదికి కలెక్టరువి!" అన్నాడు వరహాలు. నూకాలు ఒక్కతే ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనలేదంటే బాగా పనిచేస్తోందన్నమాట అనుకుని మణికంఠ పొంగిపోయాడు.

ఇంజనీర్లకి ఒక జబ్బుంది. ఫిర్యాదు రాకపోతే అంతా బాగుందనుకుంటారు.

కొన్ని వారాలు గడిచాయి. ఒక పొద్దున ఆఫీసు బస్సుకి వెళుతుంటే నూకాలు బండి మీద పరదా కప్పి ఉంది. మర్నాడూ అంతే. సెలవు తీసుకుందేమో అనుకున్నాడు గానీ, ఆమె సెలవు తీసుకోవడం పుట్టిన దగ్గరినుంచీ ఎరగడు. తలుపు తట్టాడు. పద్మావతి తీసింది. లోపల నూకాలు చాప మీద పక్కకి తిరిగి పడుకుని ఉంది. లేవలేకపోతోంది. పక్కన సంచిలో ఆమె చీరలు సగం సర్ది ఉన్నాయి.

"నీళ్లు మోసిందట అన్నా," అంది పద్మావతి. ఆ గొంతులో కోపమే ఉంది గానీ కళ్లు తడిగా ఉన్నాయి. "రోజూ అందరూ పోనాక సగం సగం బిందెలు మోసీసి డ్రమ్ము నింపుకుందట. ఒక్క ముక్క నాకు సెప్పలేదు. ఇంక నా ఇంటికి తీసుకుపోతాను. బండి ఎవుడికో ఒకడికి ఇచ్చీడమే."

"మోసిందేటి? గరిటె బిందె ఎవలూ పొయ్యలేదా?"

ఎవరూ పొయ్యలేదు. మణికంఠ వీధిలోకి వచ్చి ఒక్కొక్కరినే అడిగాడు. ప్రతి ఒక్కరూ మరొకరు పోసి ఉంటారనుకున్నారు. అబద్ధం కాదు. గరిటె మోగినప్పుడు దగ్గరున్నవాడు ముందొచ్చేవాడు, ముందొచ్చినవాడిది బాధ్యత. ఎదురుగా గరిటె పట్టుకుని నూకాలు నిలబడి ఉండేది, తప్పించుకోవడానికి లేదు. ఇప్పుడు ఫోన్లన్నీ ఒక్కసారే మోగుతున్నాయి. అందరూ ఒక్కసారే వస్తున్నారు. ముందొచ్చినవాడంటూ లేడు. నూకాలు తలుపు మూసి ఉంటోంది, వరసలో మొదటి బిందె ఎవరిదైతే వాళ్లు పట్టుకుంటున్నారు. పదిమందిలో పాము చావదని ఊరికే అనలేదు.

చంద్రిక దగ్గర కూర్చుని తల పట్టుకున్నాడు. అతన్ని తొలిచేస్తున్నది మరొకటి ఉంది. సర్వరు ఆగిపోతే అందరి ఫోన్లూ మోగకూడదు, ఎవరో ఒక్కరిదే మోగాలి, వాళ్లు 'నేను చూస్తున్నాను' అని నొక్కేదాకా మోగుతూనే ఉండాలి అని ఆఫీసులో నియమం పెట్టింది తనే. దానికి కిందటేడు చప్పట్లు కూడా కొట్టించుకున్నాడు. ఇంటి ముందు కుళాయికి వచ్చేసరికి ఆ తెలివి ఏ గట్టున దిగిపోయిందో.

"ఆ ఆచారం ఎందుకుందో కనుక్కోకుండా తీసేశాను చంద్రికా. ఆఫీసులో పిల్లలెవరైనా ఈ పని చేస్తే నేనే తిడతాను."

"తిట్టుకోడం తరవాత. ముందెల్లి ఆ డబ్బా పీకీండి," అంది చంద్రిక.

పీకేశాడు. టిఫిన్ డబ్బా చంకలో పెట్టుకుని నేరుగా నూకాలు ఇంటికి వెళ్లి, చాప పక్కన చతికిలబడ్డాడు.

"పిన్నీ, పెట్టె తీసీసినాను. రేపట్నించి నీ గరిటే."

నూకాలు మెడ తిప్పి చూసింది. లేవలేని మనిషి లేచినంత పని చేసింది.

"ఎవుడు తీసీమన్నాడ్రా నిన్ను? నాను సెప్పినానా?"

"దానివల్లే కదా నీ నడుం పోయింది!"

"నడుం పోయింది నా కర్మ. ఇన్నేళ్లకి, ఆ పెట్టె వొచ్చినాక, తెల్లారగట్ట కంటినిండా పడుకున్నానురా నాను. కుళాయి బుస్సుమంటాదేమో బుస్సుమంటాదేమో అని సెవులు నిక్కబొడుసుకుని కూకోడం తప్పింది. ఆ సుకం కూడా పట్టుకుపోతన్నావా?"

మణికంఠ చంకలోని డబ్బా తీసి కింద పెట్టాడు. "మరి డ్రమ్ములో ఎవలూ నీళ్లు పొయ్యట్లేదని ఎందుకు సెప్పలేదు పిన్నీ? నాను సేసిన ప్రతిదానికీ వంక ఎట్టినావు కదా. దీనికెందుకు నోరు మూసుకున్నావు?"

"పెట్టె పాడైతే సెప్తాను. అది నీ పని, నీకు సెప్పాల. నీళ్లడగడం వేరురా." ఆమె గొంతు తగ్గించింది. "నాను గరిటె కొట్టినాను, ఆళ్లు బిందె పోసినారు. అది ఇచ్చిపుచ్చుకోడం. ఇప్పుడు నాను సుకంగా పడుకుని లెగిసి, నాకు నీళ్లు పొయ్యండర్రా అంటే దాన్ని ఏటంటారు? అడుక్కోడం అంటారు. ఇన్నేళ్లలో ఎవుడి కాడా అడుక్కోలేదు నాను."

పద్మావతి చేతిలో చీర అలాగే ఉండిపోయింది. మణికంఠకి కళ్లు మండాయి. ఈవిడ తన కోసం ఇన్నాళ్లు తిట్టింది, ఓపిగ్గా ప్రతి తప్పూ చూపించింది. తనకి నొప్పి పుట్టించే తప్పు ఒక్కటి మాత్రం దాచుకుంది. ఆమె చెప్పేదాకా కూర్చోవడమేనా తన పని? వెళ్లి చూడొద్దూ? రోజూ ఆ గుమ్మం ముందు నుంచే కదా బస్సుకి వెళ్లింది! సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా, ఇప్పటికైనా నోరు విప్పి చెప్పినందుకు ఆమె కాళ్లమీద పడాలనిపించింది. పడితే తన్నుతుందని ఊరుకున్నాడు.

"పిన్నీ, ఈ పెట్టె ఇన్నాళ్లు ఎవలి గోడ మీదుంది?"

"వరాలు గోడ మీద."

"రేపట్నించి నీ గోడ మీదుంటాది. కరెంటు నీది, ప్లగ్గు నీది. తడిసినా, తుప్పట్టినా సూసుకోవాల్సింది నువ్వే. అప్పుడది మోగితే ఎవలు మోగించినట్టు?"

నూకాలు ఆలోచించింది. ఆమె ఆలోచించకుండా ఒప్పుకునే రకం కాదు. "కరెంటు నాదైతే... నాను మోగించినట్టే."

"మరి నువ్వు మోగిత్తే నీకు బిందె పొయ్యాలా, వద్దా?"

"పొయ్యాల," అంది నూకాలు. "పొయ్యకపోతే అడుగుతాను. అడక్కేం!"

పద్మావతి సంచి మూతి ముడి వెయ్యలేదు, విప్పనూలేదు. "ఇక్కడే ఉండి సూత్తాను. ఒక్కపూట డ్రమ్ము కాళీగా కనబడిందా, అమ్మని ఎత్తుకుపోతాను. నీ పెట్టెని కూడా సముద్రంలో పారేత్తాను అన్నా," అంది.

మణికంఠ ఆఫీసు నియమంలో రెండో సగాన్ని వీధికి తెచ్చాడు. నూకాలు అరుగు మీద డ్రమ్ము పక్కన ఒక మీట పెట్టాడు. పిండి చేత్తో కూడా నొక్కగలిగేంత పెద్దది. నీళ్లొస్తే అందరి ఫోన్లూ మోగుతాయి. ఎవరో ఒకరు డ్రమ్ము నింపి ఆ మీట నొక్కేదాకా మోగుతూనే ఉంటాయి.

మర్నాడే నూకాలు కబురంపింది. మణికంఠ గుమ్మం ఎక్కగానే చాప మీద నుంచే కేక. "ఒరే మణీ! వరాలు గాడు మీట నొక్కీసి సక్కా పోనాడు. ఒక్క సుక్క పొయ్యలేదు. తలుపు సందులోంచి సూసినాను. ఇదేటి, మీట నొక్కితే నీళ్లు నిండిపోతాయేటి?"

మణికంఠ పగలబడి నవ్వాడు. అదీ, పిన్ని మళ్లీ మొదలుపెట్టింది! వరహాలుని ఏమీ అనలేదు. మీట ఉంటే నొక్కుతారు, అది మనిషి గుణం. తప్పు మీటది. దాన్ని పీకేసి, మేడమీద ట్యాంకుల్లో వేసే తేలుబంతి ఒకటి కొని డ్రమ్ములో వేశాడు. నీళ్లు నిండి బంతి పైకి తేలితేనే ఫోన్లు ఆగుతాయి. ఇప్పుడిక వీధికి తప్పించుకునే దారి లేదు. పని చూసి పోదామని వచ్చిన చంద్రిక కూడా, "ఇది మాత్తరం మనిషికి పనికొచ్చీదే," అని ఒప్పుకుంది.

నూకాలు ఆ వారం మంచం దిగింది, ఆ పై వారం బండి మీద పరదా తీసింది. పద్మావతి తల్లి చీరలు తిరిగి బీరువాలో పెట్టి గాజువాక బస్సెక్కింది. వెళ్లేముందు అన్నకి దణ్ణం పెట్టబోతే మణికంఠ కంగారుగా వెనక్కి జరిగాడు. "నాకెందుకమ్మా! మీ అమ్మ నాకు పెట్టిన వంకలకి నేను జీతమివ్వాలి," అన్నాడు. వీధి మాట మరిచి నోటికొచ్చిన గోదావరి మాటకి ఇద్దరూ నవ్వుకున్నారు.

ఒక తెల్లవారుజామున ఫోను మోగితే అతనే బిందె పట్టుకుని వెళ్లాడు. ఇంకా మసకగా ఉంది. వీధిలో ఇంటింటా ఫోన్లు గోల పెడుతున్నాయి. అప్పటికే నలుగురు నూకాలు అరుగు మీద ఒకరినొకరు తోసుకుంటూ డ్రమ్ములో బిందెలు గుమ్మరిస్తున్నారు. అందరికంటే జోరుగా పోస్తున్నవాడు వరహాలు. బంతి పైకి లేచింది. ఫోన్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో మూసిన తలుపు వెనక నుంచి గురక వినబడింది. గట్టిగా, తీరుబడిగా, లోకం మీద ఏ బెంగా లేని మనిషి గురక.

ఎవరో తన ఇటుకరాయి జరిపారని గొంతెత్తబోయారు.

"అరవకండర్రా," అన్నాడు వరహాలు వేలు పెదాల మీద పెట్టుకుని. "పిన్ని పడుకుంది."

అందరూ బిందెలు నేలకి తగలకుండా ఎత్తి పట్టుకుని, చప్పుడు కాకుండా వరసలో నిలబడ్డారు. మణికంఠ తన బిందె మెల్లిగా కింద పెట్టాడు. ఈ వీధిలో పుట్టినందుకు, ఈ మనుషుల మధ్య తప్పులు చేసుకునే అవకాశం దొరికినందుకు ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియక, మూసి ఉన్న ఆ తలుపు వైపు తిరిగి చేతులు జోడించి, వెళ్లి వరసలో చివర నిలబడ్డాడు.